న్యాయవిద్యా ప్రవేశపరీక్షయు, నిరీక్షణపట్టికయు

బాసర క్షేత్రమున జ్ఞానసరస్వతీదేవి సన్నిధిని బిడ్డలకు ఓనమాలు దిద్దించుటకై నానా ప్రాంతములనుండి జనులు వచ్చుచుందురు. అక్షరములు నేర్చిన బిడ్డ పట్టాపుస్తకమును, కోర్టు తాఖీదును చదివి యర్థముచెప్పగల దినము వచ్చినప్పుడే రైతుకు ఆ విద్య నిజముగా అక్కఱకు వచ్చినట్లగును. 2020 అక్టోబరులో ధరణి వచ్చినది. 2025 ఏప్రిలులో దాని స్థానమున భూభారతి వచ్చినది. చట్టము మాఱినప్పుడెల్ల సర్వే నంబరులో నొక యంకె తప్పిన రైతు కచేరీల చుట్టు తిరుగవలసివచ్చుచున్నది. ఊరికొక న్యాయవాది యుండుట ఊరికొక మంచినీటి బావి యుండుటవంటిది. కావున న్యాయవిద్యలో ప్రవేశించు మార్గమును మన సభ్యులకు తెలుపుట యుక్తమని తలంచితిమి.

రెండు మార్గములు

మొదటిది లాసెట్. రాష్ట్ర ఉన్నత విద్యామండలి పక్షమున ఇటీవలి సంవత్సరములలో ఉస్మానియా విశ్వవిద్యాలయము దీనిని జరుపుచున్నది. ఇంటర్మీడియెట్ ముగించినవారికి ఐదేండ్ల చదువును, పట్టభద్రులకు మూడేండ్ల చదువును గలవు. అర్హతపరీక్షలో సామాన్యులకు నూటికి 45, వెనుకబడిన తరగతులవారికి 42, షెడ్యూల్డు కులములు, తెగలవారికి 40 మార్కులు ఉండవలెను. ప్రశ్నలు 120, కాలము 90 నిమిషములు. సామాన్యజ్ఞానము, బుద్ధికుశలతలకు 30, వర్తమాన విషయములకు 30, న్యాయవిద్యాభిరుచికి 60 మార్కులు. ప్రశ్నపత్రము తెలుగులోను ఉండును. ఉత్తీర్ణతకు 42 మార్కులు చాలును. షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఈ కనీస నియమము లేదు.

రెండవది క్లాట్. శామీర్‌పేటలో 1998లో నెలకొల్పబడిన నల్సార్, విశాఖపట్టణములోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయము మొదలగు జాతీయ న్యాయవిద్యాలయములకు ఇది ద్వారము. ఇందును ప్రశ్నలు 120, కాలము రెండు గంటలు. పరీక్ష ఆంగ్లమున మాత్రమే జరుగును. ఆంగ్లము, వర్తమాన విషయములు, న్యాయవివేచనము, తర్కము, గణితము అను ఐదు భాగములు గలవు.

ఈ రెంటికిని ముఖ్యభేదమొకటి కలదు. లాసెట్‌లో తప్పునకు దండన లేదు. అందుచే తెలియని ప్రశ్ననైనను విడువరాదు. క్లాట్‌లో ప్రతి తప్పునకు పావు మార్కు పోవును, అనగా నాలుగు తప్పులు ఒక ఒప్పును తినివేయును. అచ్చట బొత్తిగా తెలియనిదానిని విడుచుటయే లాభము.

సాధన చేయు విధము

దినమున కొక గంట వార్తాపత్రిక చదువుట మొదటి సాధన. క్లాట్ వ్రాయువారు ఆంగ్లపత్రికను చదివి, ప్రతి వ్యాసమును నాలుగు వాక్యములలో తిరిగి చెప్పవలెను. న్యాయవివేచనమునకు మన సంఘపు నియమావళియే మంచి పాఠము. సభ్యునికి వాటాలెన్ని యున్నను వోటు ఒకటియే యని సహకార నియమము. పది వాటాలుగల రైతు తనకు పది వోట్లు రావలెననినచో ఏమి చెప్పుదుము? మనకేది న్యాయముగా తోచినదను దానితో పనిలేదు. ఇచ్చిన నియమమును జరిగిన సంగతికి అన్వయించుటయే ఉత్తరము. ఒక వోటే. ఇట్టి ప్రశ్నలను ఇంటిలో పెద్దలే అడుగవచ్చును. పిమ్మట పాత ప్రశ్నపత్రములను గడియారము ముందుంచుకొని వ్రాయింపవలెను. లాసెట్‌లో ప్రశ్నకు 45 సెకనులు, క్లాట్‌లో ఒక నిమిషము మాత్రమే లభించును గదా.

నిరీక్షణపట్టిక కదలు తీరు

ర్యాంకు వచ్చియు మొదటి విడతలో స్థానము దొరకనిచో పెక్కుమంది తల్లిదండ్రులు ఆశ వదలుకొందురు. అది తప్పు. కాకతీయ కాలువ నీరు ముందుగా తలవైపు పొలములకు పాఱి, అచ్చట తడి తీఱిన పిదప చివరి ఆయకట్టునకు వచ్చును. సీట్లును అట్లే. ఒక కళాశాలలో 60 స్థానములుండి, మీ బిడ్డ నిరీక్షణలో 12వ దనుకొందము. మొదటి విడతలో 9 మంది మఱియొక కళాశాలకు మాఱిన, బిడ్డ 3వ స్థానమునకు వచ్చును. రెండవ విడతలో ఐదుగురు మాఱిన, స్థానము దొరకును. అయితే నీరు వచ్చిన రాత్రి పార పట్టుకొని గట్టుమీద లేని రైతునకు తడి దక్కదు. రుసుము చెల్లించు గడువు, పత్రములు చూపు గడువు దాటినచో ఆ స్థానము తరువాతివానికి పోవును.

క్లాట్ విడతలలో స్థానము వచ్చినవాడు మూడింటిలో ఒకటి కోరవచ్చును: దానినే స్థిరపఱచుకొనుట, దానిని నిలుపుకొని పైకోరికకై వేచియుండుట, పూర్తిగా వైదొలగుట. లాసెట్ రెండవ విడతలో క్రొత్త కళాశాల వచ్చినచో సాధారణముగా పాతది రద్దగును. కావున చేతనున్నదానికంటె మేలైన కళాశాలలను మాత్రమే అప్పుడు కోరవలెను. మొదటి విడతలో మాత్రము నిజముగా ఇష్టమైన వరుసలో, వీలైనన్ని కళాశాలలను వ్రాయుట మంచిది.

హెచ్చరికలు

కుల, ఆదాయ, చదువు ధ్రువపత్రములను పరీక్షకు ముందే సిద్ధపఱచుకొనుడు. ఫలితములు వచ్చిన పిదప మండల కచేరీలో వరుస పెద్దదగును. రుసుము కట్టుటకు ముందు, చేరక మానుకొన్నచో ఎంత తిరిగి వచ్చునో ప్రకటనలో చదువుకొనుడు. నిరీక్షణపట్టికలో ముందుకు జరిపింతుమని సొమ్మడుగు మధ్యవర్తిని నమ్మవలదు. ఆ పట్టికను కదలించునది ర్యాంకును, ఇతరులు విడిచిన ఖాళీలును మాత్రమే. అట్టివాని మాటపై ఎకరము తాకట్టుపెట్టిన రైతు భూమిని, సొమ్మును రెంటిని పోగొట్టుకొనును.

చదువు ముగిసిన పిదప న్యాయవాదిగా పేరు నమోదగుటకు వేలకు వేలు కావలెనను భయమును వలదు. 1961 నాటి అడ్వొకేట్ల చట్టము ప్రకారము సామాన్యులనుండి 750 రూపాయలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారినుండి 125 రూపాయలకు మించి నమోదు రుసుము గైకొనరాదని 2024 జూలై 30న సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది.

ఈ యేడు స్థానము రానిచో మఱుసటి యేడు మరల వ్రాయవచ్చును. ఒక కారు పోయినదని దున్నుట మానిన రైతు మనలో లేడు. మన బిడ్డలకును ఆ యోర్పునే నేర్పుదము.