పాత మారుతి 800కి కొత్త ప్లగ్గులు: ఎందుకు? ఎలా?

1983 చివర్లో మన రోడ్లెక్కిన మారుతి 800లో మూడు సిలిండర్లు. అందుకే మూడు స్పార్క్ ప్లగ్గులు. కార్బురేటర్ ఉన్న పాత బండిలో ఇంజన్ నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంటే, ఒక్కో ప్లగ్గు సెకనుకు 25 సార్లు నిప్పురవ్వ వేయాలి! వేల వోల్టుల కరెంటు కొన దగ్గరి సన్నని సందును దాటి దూకితేనే ఆ రవ్వ. దూకిన ప్రతిసారీ కొన కాస్త అరుగుతుంది. సందు పెరిగేకొద్దీ రవ్వ తప్పుతుంది, బండి దగ్గుతూ నడుస్తుంది.

మర సరిపోయిందని ఏ ప్లగ్గు పడితే ఆ ప్లగ్గు బిగించవచ్చా? కుదరదు. కొన వేడి సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే తనకంటిన మసిని తానే కాల్చుకుంటుంది. మరీ వేడెక్కితే రవ్వ పడకముందే పెట్రోలు అంటుకుంటుంది, ఇంజన్‌కు దెబ్బ. ఇందులో ఒక తిరకాసుంది: ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గుల్లో వేడిని చెప్పే అంకె పెరిగితే ‘చల్లని’ ప్లగ్గు, బాష్ కంపెనీ ప్లగ్గుల్లో పెరిగితే ‘వేడి’ ప్లగ్గు! బండితో వచ్చిన పుస్తకం చూసి కొనడమే మేలు.

మార్చేది పెద్దవాళ్లే, ఇంజన్ చల్లారాకే. మీరు పక్కనుండి గమనించండి. ముందు ప్లగ్గు చుట్టూ దుమ్ము ఊదాలి, లేదంటే అది సిలిండర్లో పడుతుంది. వైర్లు తారుమారు కాకుండా ఒక్కొక్కటే తీయాలి. కొత్త ప్లగ్గును మొదట చేత్తోనే తిప్పాలి. పానా చివర్లోనే. ప్లగ్గు ఎక్కే ఇంజన్ భాగంలోని అల్యూమినియం మరలు మెత్తన, వంకరగా ఎక్కిస్తే పాడైపోతాయి.

పాత ప్లగ్గు కొన లేత గోధుమరంగులో ఉంటే ఇంజన్ బాగున్నట్టే. పొడిమసి పట్టిందా? పెట్రోలు ఎక్కువ పోతోందేమో, కార్బురేటర్ చూపించాలి.