రెండవ శునకము: అపోహలు – వాస్తవములు

ఇంట నొక కుక్క యుండగా రెండవదానిని తెచ్చుకొను గృహస్థులు మన పట్టణములలో నానాటికి పెరుగుచున్నారు. వానలో తడిసి గోడమూలను వణకుచున్న వీధిపిల్లను జాలిగొని ఎత్తుకొని వచ్చువారు కొందరు. ఊరు విడిచిపోవు బంధువులు అప్పగించినదానిని కాదనలేనివారు మరికొందరు. అందరి యుద్దేశమును మంచిదే. కాని దానితోపాటు, ఒకరినోట విని యొకరు చెప్పుకొనుచు వచ్చిన నమ్మకములు కొన్ని గడప దాటి లోనికి వచ్చుచున్నవి. వాని మూలమున క్లేశపడునవి నోరులేని ఆ రెండు ప్రాణులు.

"మేము లేనప్పుడు దిగులుతో అరచుచున్నది, తోడు తెచ్చిన కుదుటపడును" అనునది వీనిలో మొదటిది. యజమాని వీధిలోనికి పోయినంతనే తలుపు గీరుచు, ఊళలు వేయుచు, వచ్చువరకు నీరైన ముట్టని కుక్క కోరుకొనునది సాధారణముగా ఆ మనిషిని. మరియొక కుక్కను కాదు. అట్టిదానికి ఒంటరితనమును కొద్దికొద్ది నిమిషములతో మొదలిడి అలవాటు చేయవలెను. ఆ దిగులు తీరిన పిదపనే రెండవదానిని గూర్చి యోచించుట మేలు. లేకున్న కొత్తదియు ఆ బెదురునే నేర్చుకొనవచ్చును. కీళ్ళనొప్పులతో మంచము క్రింద పడియుండు ముసలికుక్కకు తోడని రెండు నెలల పిల్లను తెచ్చుట దానికి ఉపకారము కానేరదు.

"కొట్లాడుకొని యేది పెద్దయో అవియే తేల్చుకొనును, మనము నడుమ పోరాదు" అను మాట అన్నింటికంటె హానికరము. శాస్త్రమువలె చలామణి యగుచున్నది గనుక దీని పుట్టుకను కొంత విస్తరించి చెప్పవలసియున్నది. రూడాల్ఫ్ షెంకెల్ అను పండితుడు స్విట్జర్లాండునందలి బాసెల్ జంతుప్రదర్శనశాలలో బంధింపబడిన తోడేళ్ళను పరిశీలించి, అవి ఆధిపత్యమునకై పోరాడునని 1947లో వ్రాసెను. అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్ 1970లో ప్రకటించిన గ్రంథమువలన ఆ భావము లోకమంతట వ్యాపించెను. ఆ మెక్ పండితుడే పిమ్మట కెనడా ఉత్తరపుకొసనున్న ఎల్స్‌మియర్ ద్వీపమున స్వేచ్ఛగా తిరుగు తోడేళ్ళ నడుమ అనేక వేసవులు గడపి, గుంపనగా తల్లిదండ్రులును పిల్లలును గల కుటుంబమే గాని ప్రభువులును బంటులును గల కొలువు కాదని 1999లో వెల్లడించెను. తన పాతగ్రంథమును ఇక ముద్రింపవలదని ప్రకాశకులను తానే వేడుకొనెను. తన మాటను తానే కాదనుటకు వెనుదీయని ఆ నిజాయితీ నాకు పూజ్యము. తోడేళ్ళయందే నిలువని సిద్ధాంతమును, వేలయేండ్లుగా మనిషి నీడను బ్రదికిన కుక్కపై మోపుట ఎట్లు న్యాయమగును? పోరున ఓడిన కుక్క పెద్దరికమును ఒప్పుకొనదు. భయమును నేర్చి, మరునాటినుండి రెండవది కనబడినంతనే తానే ముందుగా కరవ జూచును.

పాతదే అసూయతో కలహమునకు దిగుననుటయు పూర్తిగా నిజము కాదు. ఒకే యింట పోట్లాడుకొనుచు చికిత్సకు వచ్చిన 38 జంటలను గూర్చి అమెరికాలో 2011లో ప్రకటింపబడిన పరిశీలనలో, కయ్యమునకు కాలుదువ్వినది పదింట ఏడు సందర్భములలో కొత్తగా వచ్చినదే. ఆ జంటలలో 30 ఒకే లింగమునకు చెందినవి. ఆడకుక్కల కలహములే అధికము. కావున ఆడ, మగ జంట కొంత క్షేమము, గర్భనిరోధ శస్త్రచికిత్స ముందుగా చేయించినయెడల.

పాతకుక్క కొత్తదానిపై గుర్రుమన్నంతనే చెప్పు తీసుకొని కొట్టువారిని చూచినప్పుడెల్ల నా మనసు కలత పడును. ఆంధ్రమహాభారతము ఆదిపర్వమున జనమేజయుని తమ్ములు తన కుమారుడైన సారమేయుని నిష్కారణముగా కొట్టగా, దేవశుని సరమ రాజు సన్నిధికే వచ్చి నిలదీసెను. గుర్రుమనుట అపరాధము కాదు. "దగ్గరకు రావలదు" అని పలుకు మర్యాదగల హెచ్చరిక. దెబ్బలకు వెరచి ఆ హెచ్చరికను మానుకొన్న కుక్క, తరువాత నొకనాడు చప్పుడు చేయకయే కరచును. గుర్రు వినబడినప్పుడు చేయవలసినది ఒక్కటే: వాని నడుమ దూరము పెంచుట.

ఒక కంచమున తిని ఒక మంచమున పరుండుట మనుష్యులకు స్నేహలక్షణము. ఆ న్యాయముతో రెండింటికి నొకే పళ్ళెమున అన్నము పెట్టుట తగదు. తిండికడ పోటీయే అనేక కలహములకు మూలము. వేరు గిన్నెలు, వేరు మూలలు, వేరు పడకలు ఉండవలెను. తోక ఊపిన స్నేహమే యనుటయు పొరపాటు; నిక్కించిన తోక బిగువుగా, చిన్నచిన్నగా కదలుట ఉద్రేకమునకు గుర్తు కావచ్చును.

ఇక, చంకనెత్తుకొని వచ్చి పాతదాని ముక్కుకడ దింపుటయే పరిచయమని యెంచువారు పెక్కుమంది. వీధినుండి తెచ్చిన పిల్లకు పార్వో, డిస్టెంపర్ వంటి వ్యాధులు సోకియున్నను లక్షణములు బయటపడుటకు రెండు వారములవరకు పట్టవచ్చును. కనుక మొదట పశువైద్యునకు చూపించి, గోమారులు ఏరివేయించి, రెండు వారములు వేరు గదిలో నుంచవలెను. పాతదాని టీకాలును సరిచూడవలెను. ఆ కాలమున తలుపు సందునుండియు, పక్కబట్టల మార్పిడివలనను ఒకదాని వాసన నొకటి పరిచయము చేసికొనును. పిమ్మట ఏ స్నేహితుని పెరటిలోనో, పాతది తనదని యెంచని చోట, ఇద్దరు మనుష్యులు చెరియొక గొలుసును వదులుగా పట్టుకొని, ఎడముగా ప్రక్కప్రక్కన నడిపింపవలెను, ఎదురెదురుగా నిలుపరాదు. శాంతించినకొలది ఎడము తగ్గింపవచ్చును.

కొన్ని జంటలు వారములో కుదురుకొనును, కొన్నింటికి నెలలు పట్టును, కొన్ని యెన్నటికిని కుదురవు. ఒక్కమారైన రక్తము చిందినచో మనుష్యులు లేనప్పుడు వానిని కలిపి విడువక, వాని నడుమ తలుపుంచి, రెండింటిని పశువైద్యునకు చూపింపవలెను. పుచ్చిపన్ను, చెవిపోటు, కీళ్ళవాపు వంటి కనబడని నొప్పి అనేక పర్యాయములు ఆ కోపమునకు కారణమై యుండును.