చిన్న ల్యాప్‌టాప్, పెద్ద ధర: అపోహలు – వాస్తవాలు

2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ శాన్‌ఫ్రాన్సిస్కో వేదిక మీద, ఆఫీసుల్లో కాగితాలు పంపే కవరులోంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌ను తీసి చూపించారు. మూడేళ్లకు ఇంటెల్ ‘అల్ట్రాబుక్’ అనే పేరు తెచ్చింది. డెల్ ఎక్స్‌పీఎస్ 13, లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ లాంటివి ఆ దారిలోనే వచ్చాయి. పదమూడు, పద్నాలుగు అంగుళాల తెర, కిలో పైచిలుకు బరువు, లక్ష రూపాయల చుట్టూ మొదలై రెండు లక్షలు దాటే ధర. ఇంజినీరింగ్‌లో సీటు వచ్చిన పిల్లల కోసం, కొత్త ఉద్యోగం కోసం ఈఎంఐ పెట్టి మరీ వీటిని కొంటున్నారు. ఇంత డబ్బు ప్రచారపు మాటలను నమ్మి పెట్టేది కాదు. అందుకే తరచూ వినిపించే కొన్ని నమ్మకాలను ఇక్కడ పరీక్షకు పెడుతున్నాను.

అపోహ: ఐ5 కంటే ఐ7 ఎప్పుడూ వేగమే. డబ్బుంటే ఐ7 తీసుకోవాలి.

షాపులో మొదట వినిపించే మాట ఇదే. ఎక్కువ డబ్బు వృథా అయ్యేదీ ఇక్కడే. ఇంటెల్ పన్నెండో తరం చిప్‌లనే చూడండి. ఐ5-1235యు, ఐ7-1255యు రెండింటిలోనూ పది కోర్లే. అందులో వేగవంతమైనవి రెండు, పొదుపుగా పనిచేసేవి ఎనిమిది. క్యాష్ మెమరీ రెండింటికీ 12 ఎంబీ. గరిష్ఠ వేగం ఒకదానికి 4.4 గిగాహెర్ట్జ్, రెండోదానికి 4.7. ఉత్తరాలు రాసుకునేవారికి, కోడ్ నేర్చుకునేవారికి ఆ తేడా తెలిసే అవకాశం లేదు. అదే తరంలోని ఐ5-1240పి చిప్‌లో వేగవంతమైన కోర్లు నాలుగు. బరువైన పనుల్లో ఆ ‘చిన్న’ ఐ5 ఈ ‘పెద్ద’ ఐ7ను దాటిపోగలదు.

ముందున్న అంకె కంటే చివరన ఉన్న అక్షరం ఎక్కువ చెబుతుంది. ఆ తరంలో ‘యు’ అంటే 15 వాట్ల దగ్గర, ‘పి’ అంటే 28, ‘హెచ్’ అంటే 45 వాట్ల దగ్గర నడిచేలా తయారైన చిప్. చిప్ తీసుకునే ప్రతి వాటూ చివరికి వేడిగా మారుతుంది. ఆ వేడి బయటకు పోవడానికి పల్చటి పెట్టెలో చోటుండదు. కాబట్టి చిప్ కాసేపు పరుగెత్తి, వేడెక్కగానే తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. 2018 జులైలో ఆపిల్ తన 15 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలో ఐ9 చిప్ పెట్టినప్పుడు, వీడియో ఎడిటింగ్ లాంటి పనుల్లో అది ప్రకటించిన కనీస వేగం కంటే కిందికి పడిపోతోందని సమీక్షకులు బయటపెట్టారు. రెండు వారాలు గడవకముందే కంపెనీ సాఫ్ట్‌వేర్ సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. అత్యంత ఖరీదైన చిప్ పెట్టించుకున్నవాళ్లకు ఎదురైన అనుభవం అది.

2023 చివరి నుంచి ఇంటెల్ ‘ఐ’ తీసేసి ‘కోర్ అల్ట్రా 5, 7, 9’ అంటోంది. పేరు మారింది గానీ జాగ్రత్త అదే. సమీక్ష చదివేటప్పుడు మొదటి నిమిషం స్కోరును కాదు, అదే పరీక్షను అరగంటపాటు వరసగా నడిపితే వచ్చిన స్కోరును చూడండి.

అపోహ: ఫ్యాన్ లేని ల్యాప్‌టాప్ వేడెక్కదు.

2020 నవంబరులో ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ ఫ్యాన్ లేకుండా వచ్చింది. అదే చిప్‌తో వచ్చిన 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోకి ఫ్యాన్ ఉంది. మొదటి కొద్ది నిమిషాలు రెండూ సమానంగా పరుగెత్తుతాయి. పని సాగేకొద్దీ ఫ్యాన్ లేనిది వెనకబడుతుంది. అంటే ఫ్యాన్ లేని మిషన్ కూడా వేడెక్కుతుంది, కాకపోతే చప్పుడు చేయకుండా నెమ్మదిస్తుంది. దాన్ని బలహీనమైనదిగా తీసిపారేయడమూ తప్పే. రాతపనికి, బ్రౌజర్‌కి, మామూలు ప్రోగ్రామింగ్‌కి అంత హాయైన మిషన్ అరుదు.

మన వాతావరణం దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాలి. ఆపిల్ తన ల్యాప్‌టాప్‌లను 10 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని రాస్తుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో బయట 45 దాటుతుంది. ఏసీ లేని గదిలో మధ్యాహ్నమంతా ఆ 35 హద్దు పైనే ఉంటాం. చల్లని గదుల్లో చేసిన పరీక్షల ఫలితాలు ఆ పూట యథాతథంగా రావు. వేసవిలో ఏసీ లేకుండా గంటల తరబడి వీడియోలు ఎడిట్ చేయాల్సినవారు ఫ్యాన్ ఉన్న మిషన్ తీసుకోవడమే మంచిది. మిగతావాళ్లయినా దాన్ని పరుపు మీద, దిండు మీద పెట్టి నడపొద్దు.

అపోహ: ఇప్పటికి 8 జీబీ ర్యామ్ చాలు, అవసరమైతే తర్వాత వేయించుకోవచ్చు.

పాత లావు ల్యాప్‌టాప్‌లలో అది నిజం. అడుగు మూత విప్పి, కార్డు గుచ్చితే సరిపోయేది. ఇప్పటి పల్చటి వాటిలో చాలామటుకు ర్యామ్‌ను మదర్‌బోర్డుకే సోల్డర్ చేస్తున్నారు. తక్కువ కరెంటుతో నడిచే ఎల్‌పీడీడీఆర్ రకం ర్యామ్ ప్రాసెసర్‌కు బాగా దగ్గరగా ఉండాలి. మామూలు స్లాట్‌లో దానికి ఆ వేగం రాదు. 2024లో వచ్చిన ఇంటెల్ కోర్ అల్ట్రా 200వి వరసలో అయితే ర్యామ్ ప్రాసెసర్ ప్యాకేజీలోనే ఉంది. కొన్న రోజు ఎంత ఉందో పాత ఇనుముకు వేసే రోజూ అంతే ఉంటుంది.

ఎం3 చిప్‌తో 8 జీబీ అంటే ఇతర కంప్యూటర్లలో 16 జీబీతో సమానం లాంటిదని ఆపిల్ ప్రతినిధి ఒకరు 2023 నవంబరులో అన్నారు. ఏడాది తిరక్కుండానే, 2024 అక్టోబరులో, ఆ కంపెనీయే మ్యాక్‌బుక్ ఎయిర్ కనీస ర్యామ్‌ను ధర పెంచకుండా 16 జీబీ చేసింది. విండోస్ వైపు మైక్రోసాఫ్ట్ కూడా ‘కోపైలట్ ప్లస్’ పేరు వాడాలంటే కనీసం 16 జీబీ ఉండాలని నిబంధన పెట్టింది. పండగ ఆఫర్లలో బాగా తగ్గించి అమ్మే పాత స్టాకులో 8 జీబీవి ఇంకా కనిపిస్తాయి. నాలుగైదేళ్లు వాడదలిస్తే వాటి జోలికి వెళ్లకండి.

స్టోరేజీ సంగతీ ఇలాంటిదే. 2022 నాటి ఎం2 ఎయిర్‌లో 256 జీబీ మోడల్‌కు రెండు చిప్‌ల బదులు ఒకటే పెట్టారు. దాంతో ఫైళ్లు చదివే వేగం పాత ఎం1 కంటే దాదాపు సగానికి పడిపోయింది. విండోస్ ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ వాటికి ఎస్‌ఎస్‌డీని మార్చుకునే వీలుంది. కాబట్టి అక్కడ స్టోరేజీ మీద ఆదా చేసి, ఆ డబ్బు ర్యామ్ మీద పెట్టడం తెలివైన పని.

అపోహ: ఎంత పల్చగా ఉంటే అంత గొప్ప.

పల్చదనం కోసం ఆపిల్ 2015లో ‘బటర్‌ఫ్లై’ కీబోర్డు తెచ్చింది. సన్నని దుమ్ము దూరితే చాలు, కీ మొరాయించేది, లేదా ఒకసారి నొక్కితే అక్షరం రెండుసార్లు పడేది. ఫిర్యాదులు వెల్లువెత్తి 2018లో ఉచిత మరమ్మతు పథకం పెట్టారు, 2020 నాటికి ఆ కీబోర్డునే వదిలేశారు. అమెరికాలో నడిచిన దావాలో 5 కోట్ల డాలర్ల పరిష్కారానికి 2022లో ఒప్పుకున్నారు. ఈలోగా 2021లో వచ్చిన 14 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో కాస్త బరువెక్కి, తీసేసిన హెచ్‌డీఎంఐ, మెమరీ కార్డు పోర్టులను తిరిగి తెచ్చుకుంది. కొనేవాళ్లు దాన్ని మెచ్చుకున్నారు. షాపులో మీరు తూచి చూడాల్సింది మిల్లీమీటర్లు కాదు. ఒక పేజీ టైపు చేసి చూడండి, వేళ్లే చెబుతాయి.

అపోహ: 4కె తెర ఉంటేనే ప్రీమియం.

13.3 అంగుళాల తెర మీద ఫుల్ హెచ్‌డీ అంటే అంగుళానికి దాదాపు 166 చుక్కలు, 4కె అంటే దాదాపు 331. నాలుగు రెట్లు పిక్సెళ్లను వెలిగించడానికి బ్యాటరీ కరిగిపోతుంది. మామూలు దూరం నుంచి చూసే కంటికి దక్కే లాభం మాత్రం ఆ నిష్పత్తిలో ఉండదు. ఈ రెంటికీ మధ్యస్థంగా ఉండే తెర, 400 నిట్స్ వెలుతురు, నిలువు ఎక్కువున్న 16:10 ఆకారం దొరికితే అదే మేలైన బేరం.

అపోహ: ‘18 గంటల బ్యాటరీ’ అంటే రోజంతా చార్జర్ అక్కర్లేదు.

ఆ గంటలు సాధారణంగా తెర వెలుతురు తగ్గించి, ఒకే వీడియో ఆడించి లెక్కించినవి. వీడియో మీటింగులు, పాతిక ట్యాబులు, పూర్తి వెలుతురుతో ఆ అంకె గణనీయంగా తగ్గుతుంది. పోల్చడానికి బ్యాటరీ సామర్థ్యం చెప్పే వాట్-అవర్ అంకె చూడండి. ఎం2 ఎయిర్‌ది 52.6. అనుమతి లేకుండా విమానం క్యాబిన్‌లోకి తీసుకెళ్లగల హద్దు 100 వాట్-అవర్. పెద్ద ల్యాప్‌టాప్‌ల బ్యాటరీలు సరిగ్గా 99 దగ్గర ఆగిపోవడానికి కారణం అదే. రాత్రంతా చార్జింగ్‌లో ఉంచితే బ్యాటరీ పేలుతుందన్న భయం వద్దు, నిండగానే సర్క్యూట్ ఆపేస్తుంది. అయితే ఎప్పుడూ నూరు శాతం నింపి, వేడిలో ఉంచితే త్వరగా ముసలిదవుతుంది. 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు ఉంటే వాడుకోండి.

అపోహ: టైప్-సి పోర్టులన్నీ ఒకటే.

ఆకారం ఒకటే. లోపల వేగం సెకనుకు 480 మెగాబిట్ల నుంచి థండర్‌బోల్ట్ 4 ఇచ్చే 40 గిగాబిట్ల వరకూ, ఆపైన కూడా ఏదైనా కావచ్చు. ఎం1, ఎం2 ఎయిర్‌లు బయటి మానిటర్ ఒక్కదానికే నేరుగా చిత్రం పంపగలవు. ఇంట్లో రెండు మానిటర్లతో ఉద్యోగం చేసేవారు ఈ వివరం ముందే చూసుకోవాలి.

అపోహ: ‘మిలిటరీ గ్రేడ్’ అంటే సైన్యం పరీక్షించింది.

ఆ ముద్రకు ఆధారమైన ఎంఐఎల్-ఎస్‌టీడీ-810 అన్నది పరీక్షా పద్ధతుల పుస్తకం. అందులో ఏ పరీక్షలు చేయాలో కంపెనీయే ఎంచుకుంటుంది. కింద పడి పగిలితే ఆ ముద్ర చూపించి వారంటీ అడగలేరు.

అపోహ: ఖరీదైనదైతే ఏ సాఫ్ట్‌వేరైనా నడుస్తుంది.

మెకానికల్ విద్యార్థులు వాడే సాలిడ్‌వర్క్స్ విండోస్‌కే తయారైనది, మ్యాక్ వెర్షన్ లేదు. స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లలో పాత డ్రైవర్లు, కొన్ని ప్రోగ్రాములు మొండికేస్తాయి. కాలేజీ సిలబస్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ జాబితా తెప్పించుకున్నాకే డబ్బు కట్టండి.

అపోహ: అమెరికా నుంచి తెప్పిస్తే ఎప్పుడూ చవకే.

మన ఇళ్లలో ఇది నిత్యం నడిచే చర్చ. ముందుగా ఒక అనవసర భయం: అక్కడి చార్జర్ ఇక్కడ కాలిపోదు. దాని మీద 100-240 వోల్టులు అని రాసి ఉంటే చాలు, ప్లగ్ పిన్నులకు అడాప్టర్ తగిలించడమే. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రయాణికులు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఇక ధర సంగతి. అక్కడ బోర్డు మీద రాసేది పన్ను కలపని ధర. ఒరెగాన్, డెలావేర్ లాంటి కొద్ది రాష్ట్రాల్లో తప్ప బిల్లులో సేల్స్ ట్యాక్స్ కలుస్తుంది. డాలరును రూపాయల్లోకి మార్చి, ఇక్కడి బ్యాంకు కార్డు తగ్గింపు, విద్యార్థి తగ్గింపు తీసేసి చూస్తే తేడా అనుకున్నంత మిగలకపోవచ్చు. వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో మోడల్‌ను బట్టి మారుతుంది. సీరియల్ నంబరుతో కంపెనీ సైట్‌లో చూసుకున్నాకే బంధువులకు చెప్పండి.

చవకకు ఇంకో దారి వాడినవి కొనడం. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల పాత ప్రీమియం మిషన్లు సగం ధరకే దొరుకుతాయి. వాటిలో మంచివీ ఉంటాయి. కానీ ఏడో తరం ఐ7 ఎంత మెరుస్తున్నా ఒకటీ అరా తప్ప ఆ చిప్‌లకు విండోస్ 11 అధికారికంగా రాదు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

రోజూ బ్యాగులో మోసుకుని బస్సులో, మెట్రోలో తిరిగేవారికి ఈ చిన్న ల్యాప్‌టాప్ పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. టేబుల్ మీంచి కదలని ల్యాప్‌టాప్ కోసమైతే అందులో సగం ధరకు దొరికే, ఫ్యాన్ ఉన్న, ర్యామ్ స్లాట్ ఉన్న 15 అంగుళాల మిషన్ కొనండి.