మీకు తెలుసా? ఆరు వందల మీటర్లకు ఐదున్నర కోట్లు!

విశాఖ ఆర్కే బీచ్‌లో ఒడ్డెక్కి కూర్చున్న కురుసుర సబ్‌మెరైన్‌ని చూసే ఉంటారు. దాన్ని ఇప్పుడున్న చోటికి జరపాల్సి వచ్చిన దూరం ఎంతో తెలుసా? 600 మీటర్లు. అంతే! మురీ మిక్చర్ పొట్లం అయ్యేలోపు మనం నడిచేసే దూరం! మరి ఖర్చెంతో చెప్పుకోండి చూద్దాం. పది లక్షలా? యాభై లక్షలా? అక్షరాలా ఐదున్నర కోట్లు!

ఆగండి, ఇంకా ఉంది. ఆ పనికి పద్దెనిమిది నెలలు పట్టింది! అంటే రోజుకు మీటరు పైచిలుకు. మీటరుకు ఎంత పడిందో నేను లెక్కేశాను. దాదాపు 92 వేల రూపాయలు!

ఇదే సబ్‌మెరైన్ నీళ్లలో ఎంత తిరిగిందో వింటే ముక్కున వేలేసుకుంటారు. 31 ఏళ్ల కొలువులో 73,500 నాటికల్ మైళ్లు! భూగోళాన్ని మూడుసార్లు చుట్టొచ్చినా ఇంకా దూరం మిగులుతుంది! అంత తిరిగినదానికి ఆఖరి ఆరు వందల మీటర్లే కొండంత అయ్యాయి.

లోపలికి వెళ్లారా? వెళ్లకపోతే వచ్చే ఆదివారమే వెళ్లండి. గుండ్రటి ఇనుప ద్వారం. తల వంచాలి, కాలెత్తాలి, ఒళ్లు ముడుచుకోవాలి. అప్పుడుగానీ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోలేం! ఎటు చూసినా గొట్టాలు, చక్రాలు, ముళ్లు తిరిగే డయళ్లు. మంచమంటే గోడకు బిగించిన పలక. అటు తిరిగి పడుకుంటే మళ్లీ ఇటు తిరగడమే కష్టం! అందులో 75 మంది మనుషులు రోజుల తరబడి బతికారు! వివరించి చెప్పేది కూడా నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లే. ఒక్కొక్క మీట దగ్గర ఆగి చెబుతారు. వినే పిల్లల మొహాలు చూశాక ఆ ఐదున్నర కోట్లు దండగని నాకెప్పుడూ అనిపించలేదు. 2002లో తెరిచినప్పుడు దక్షిణాసియాలోనే ఇది మొట్టమొదటి సబ్‌మెరైన్ మ్యూజియం!

బయటికొచ్చి రోడ్డు దాటండి. ఎదురుగా విమానం! పేరు టీయూ-142. ఎగురుకుంటూ వచ్చి బీచ్ రోడ్డులో దిగలేదు సుమా! విప్పేశారు. ముక్కలుగా రోడ్డు మీద తెచ్చారు. ఇక్కడ మళ్లీ బిగించారు! 2017 డిసెంబర్‌లో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వచ్చి ప్రారంభించారు. మొత్తం ఖర్చు 14 కోట్లు!

ఈ రకం విమానాలు మన నేవీలో 29 ఏళ్లు పనిచేశాయి. గాల్లో గడిపింది 30 వేల గంటలు! ఒక్క ప్రమాదం లేదు! 30 వేల గంటలంటే ఎంతో తెలుసా? రాత్రీ పగలూ దిగకుండా మూడేళ్లకు పైగా ఎగిరినట్టు!

ఇప్పుడు చెవి ఇలా పడేయండి. అసలు రహస్యం ఇదీ. విశాఖ ఓడరేవు మొత్తం కట్టడానికి ఎంతయిందో తెలుసా? కాలువ తవ్వారు, బెర్తులు కట్టారు, సముద్రాన్ని ఊళ్లోకి తెచ్చారు. 1933 నాటికి అయిన ఖర్చు 378 లక్షలు! నాలుగు కోట్లు కూడా కాదు! సబ్‌మెరైన్‌ను జరిపిన ఖర్చు కన్నా తక్కువ! అప్పటి రూపాయి వేరు, ఇప్పటి రూపాయి వేరు, నిజమే. అయినా ఆ అంకె చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది!

ఆ రేవు కోసం ఓడల్నే ముంచారంటే నమ్ముతారా? కెరటాల ధాటికి అడ్డుకట్ట కావాలి. రెండు పాత ఓడల్ని తెచ్చి, కావాలనే సముద్రంలో ముంచేశారు! పాత సామానుకు కొత్త పని పెట్టడం ఈ ఊరికి తొంభై ఏళ్ల కిందటే అలవాటు!

కొత్త రేవులోకి వచ్చిన తొలి ఓడ పేరేమిటో చెప్పండి. ఇంగ్లీషు పేరనుకుంటున్నారు కదూ? జలదుర్గ! 1933 అక్టోబర్ 7న లోపలికొచ్చింది. అచ్చంగా మనింటి అమ్మాయి పేరులా లేదూ!

మొదటి ఏడాది ఆ రేవు మోసిన సరుకు 1.3 లక్షల టన్నులు. 2023-24లో? ఎనిమిది కోట్ల టన్నులు దాటింది! ఆరు వందల రెట్లకు పైమాటే!

అదే రేవులో ఇప్పుడు విహార నౌకలు ఆగడానికి టెర్మినల్ కట్టారు. 2023 సెప్టెంబర్‌లో తెరిచారు. ఖర్చు 96 కోట్లు! పాత లెక్కలో అయితే ఆ డబ్బుతో పాతిక ఓడరేవులు వచ్చేవి!

ఊరి నడిబొడ్డున ఖాళీ జాగా దొరకాలంటే ఏం చేయాలి? జైలును ఖాళీ చేయాలి! నవ్వకండి, నిజంగా అదే జరిగింది. సెంట్రల్ జైలు ఊరి చివరికి వెళ్లిపోయింది. ఆ జాగాలో సెంట్రల్ పార్కు వచ్చింది. 22 ఎకరాలు! ఒకప్పుడు ఖైదీలు రోజులు లెక్కపెట్టుకున్న చోట ఇప్పుడు పెద్దవాళ్లు వాకింగ్ రౌండ్లు లెక్కపెట్టుకుంటున్నారు!

విశాఖ మ్యూజియానికి కొత్త భవనం కట్టలేదని తెలుసా? బీచ్ రోడ్డులో డచ్చివారి పాత బంగళా ఉంటే దాన్నే బాగుచేశారు. 1991లో తలుపులు తెరిచారు. లోపల ఒక బాంబు ఉంది! 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద దాడి చేశాయి. ఆనాటిదే అది. అది పేలనందువల్లే మనం ఇవాళ దాని ముందు నిలబడి చూడగలుగుతున్నాం!

పాత ఊళ్లో కురుపాం మార్కెట్ ముందు ఒక్క నిమిషం ఆగండి. తలెత్తి ఆ రాతి ద్వారం చూడండి. 1914 నాటిది! వందేళ్లు దాటినా దాని కిందనుంచే జనం బేరాలకు వెళుతున్నారు. మన ఊళ్లలో నిన్న కట్టిన షాపింగ్ కాంప్లెక్సులకు అప్పుడే పెచ్చులూడుతున్నాయి కదా, ఆ రాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది!

కేజీహెచ్ ఆసుపత్రి మొదలైనప్పుడు ఎన్ని మంచాలో తెలుసా? 192! 1923 జులై 19న పానగల్ రాజా ప్రారంభించారు. ఇప్పుడు మంచాలు వెయ్యి దాటాయి. ఒడిశా నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా రోగులొస్తారు! అదే నెలలో పుట్టిన ఆంధ్ర మెడికల్ కాలేజీలో తొలి తరగతి ఎందరో చెప్పనా? 32 మంది! ఇప్పటి ఎల్‌కేజీ సెక్షన్ అంత!

అప్పటికి ఊరే చిన్నది మరి! 1901లో విశాఖ జనాభా 40,892. 2011 నాటికి 17 లక్షలు దాటింది! ఒక మనిషి ఉన్న చోట నలభై మంది!

మున్సిపల్ స్టేడియంలో అంతర్జాతీయ వన్డేలా? అవును! కార్పొరేషన్‌దైన ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో ఐదు వన్డేలు జరిగాయి. 1988లో తొలి మ్యాచ్. న్యూజిలాండ్ మీద ఐదు వికెట్లు తీసిందెవరో తెలుసా? బ్యాట్స్‌మన్ శ్రీకాంత్!

2014 అక్టోబర్ 12. హుద్‌హుద్ తుపాను. ఊరంతా చీకటి! విశాఖవాళ్లకు ఆ రాత్రి ఈ జన్మకు మరపు రాదు. ఆ తర్వాత కొద్ది నెలల్లోనే వీధి దీపాలన్నీ ఎల్‌ఈడీలయ్యాయి. ఎన్నో తెలుసా? 91,775! తుపాను తర్వాత ఇంత వేగంగా వెలుగులోకి వచ్చిన ఊరు ఇది. గర్వంగా చెప్పుకోవచ్చు!

ముడసర్లోవ రిజర్వాయర్‌కు వెళ్లి చూడండి. నీళ్ల మీద సోలార్ పలకలు తేలుతుంటాయి! 2018లో కార్పొరేషన్ పెట్టించింది. రెండు మెగావాట్ల కరెంటు! భూమి కొన్నది ఒక్క సెంటు కూడా లేదు. ఎకరం ధర కోట్లలో పలికే ఊళ్లో ఇంతకన్నా తెలివైన పని ఏముంటుంది చెప్పండి!

చిన్న భవనాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అన్న క్యాంటీన్. నాలుగు గోడలు, నిలబడి తినే బల్లలు. పొద్దున్నే ఆటో డ్రైవరూ, హార్బర్ కూలీ పక్కపక్కన ఇడ్లీలు తింటుంటారు. పూటకు ఐదు రూపాయలు! మూడు పూటలకూ కలిపి పదిహేను!

పెద్ద అంకె కూడా చెప్పక తప్పదు. రుషికొండ మీద 9.88 ఎకరాల్లో ప్రభుత్వం కట్టిన భవనాలు. నాలుగేళ్లకోసారి వచ్చే ఫిబ్రవరి 29న, 2024లో ప్రారంభించారు. ఖర్చు నాలుగు వందల కోట్ల పైనే! సబ్‌మెరైన్‌కూ విమానానికీ కలిపి అయింది ఇరవై కోట్లు కూడా కాదు. అంటే అలాంటి జంట మ్యూజియంలు ఇరవై వచ్చేవి! జనం డబ్బుతో కట్టిన ప్రతి తలుపూ జనానికి తెరుచుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక ఉక్కు ఫ్యాక్టరీ. ఇందిరాగాంధీ పునాదిరాయి వేసింది 1971 జనవరి 20న. పీవీ నరసింహారావు జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. మధ్యలో 21 ఏళ్లు! రాయి వేసిన రోజు పుట్టిన పిల్లాడు అంకితం నాటికి అక్కడే ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టుకునే వయసుకు వచ్చేశాడు!

మరో రాయి 2025 జనవరి 8న పడింది. దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రధాన కార్యాలయానికి. అంచనా 149 కోట్లు! ఈ రెండు అంకెలూ గుర్తుపెట్టుకోండి, తేదీ ఒకటి, అంచనా ఒకటి. భవనం పూర్తయ్యాక అసలు లెక్కతో పోల్చి చూద్దాం!

పోల్చడం మనవల్ల ఏమవుతుంది అంటారా? ఇదిగో, అన్నిటికన్నా చిన్న అంకెను చివరికి దాచాను. మీ వార్డులో కమ్యూనిటీ హాలు కడుతున్నారా? డ్రైనేజీ తవ్వుతున్నారా? ఎస్టిమేట్ ఎంత, బిల్లు ఎంత, పని కొలతలు రాసే ఎం-బుక్‌లో ఏం రాశారు, అన్నీ అడగొచ్చు. తెల్లకాగితం మీద తెలుగులో రాయండి, చాలు. సమాచార హక్కు చట్టం కింద కార్పొరేషన్ ఆఫీసులో కట్టాల్సిన ఫీజు పది రూపాయలు. జవాబు ఇవ్వడానికి గడువు ముప్పై రోజులు. జిరాక్స్ కాపీ పేజీకి రెండు రూపాయలు!