ఫ్లీట్ పెంచితే గెలిచినట్టేనా? ‘సిన్స్ ఆఫ్ ఎ సోలార్ ఎంపైర్’లో అపోహలు – వాస్తవాలు

కెనడాకు చెందిన ఐరన్‌క్లాడ్ గేమ్స్ 2008లో తీసుకొచ్చిన ‘సిన్స్ ఆఫ్ ఎ సోలార్ ఎంపైర్’ అనే అంతరిక్ష వ్యూహ ఆటను ఇప్పటికీ ఇష్టంగా ఆడేవాళ్లున్నారు. కొత్తగా ఆడేవాళ్లు మాత్రం అవే ఐదు తప్పుడు నమ్మకాలతో ఓడిపోతుంటారు. అందుకే ఇది రాస్తున్నాను. ఇక్కడ చెప్పేదంతా మొదటి భాగం గురించే.

అపోహ: రియల్ టైమ్ ఆట కాబట్టి వేళ్ల వేగమే ముఖ్యం.

వాస్తవం: ‘స్టార్‌క్రాఫ్ట్’ అలవాటుతో వచ్చే మాట ఇది. ఇక్కడ ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి ఫ్లీట్ చేరడానికే చాలా సమయం పడుతుంది. ఆ సమయమంతా ఆలోచించుకోవడానికి మీదే.

అపోహ: ఫ్లీట్ సామర్థ్యాన్ని వీలైనంత త్వరగా పెంచేసుకోవాలి.

వాస్తవం: ఎక్కువమందిని ముంచేది ఇదే. సామర్థ్యం పెంచే రీసెర్చ్ ఒక్కొక్కటీ పూర్తయ్యేకొద్దీ, నిర్వహణ ఖర్చు కింద మీ రాబడిలో ఇంకొంత శాతం కోత పడుతుంది. ఆ కోత మీ దగ్గరున్న షిప్పుల సంఖ్యను బట్టి కాదు, మీరు చేసిన రీసెర్చ్ స్థాయిని బట్టి. పది జతల ఎడ్లకు సరిపడా కొట్టం కట్టుకున్నందుకు, లోపల ఒక్క జతే ఉన్నా పది జతల మేత ఖర్చూ లెక్కలో రాసినట్టు. పైగా చేసిన రీసెర్చ్‌ను వెనక్కి తీసుకోలేం.

ఒక పోరులో సగం ఫ్లీట్ పోయిందనుకోండి. షిప్పులు పోయాయి, కోత మాత్రం అలాగే ఉంది. ఎదుటివాడు తక్కువ సామర్థ్యం దగ్గరే ఆగి, మిగిలిన డబ్బును గ్రహాల మీదా ట్రేడ్ పోర్టుల మీదా పెట్టి ఉంటే మీకంటే ముందే తేరుకుంటాడు. నా అనుభవంలో సామర్థ్యం పెంచడానికి సరైన సమయాలు రెండే: ఉన్నది నిండిపోయి క్రెడిట్లు మిగులుతున్నప్పుడు, లేదా శత్రువు గుమ్మంలోకి వచ్చినప్పుడు.

అపోహ: ఖాళీ గ్రహం కనిపిస్తే చాలు, కాలనీ పెట్టేయాలి. ఆ రోజు నుంచే ఆదాయం.

వాస్తవం: కొత్త కాలనీ మొదట్లో పన్ను తేదు సరికదా, మన ఖజానాలోంచే లాగుతుంది. జనాభా అప్‌గ్రేడ్లు చేశాకే లాభంలోకి వస్తుంది. కాబట్టి కాలనీ ఫ్రిగేట్ ఖర్చు ఒక్కటే లెక్కేసుకుంటే చాలదు, ఆ అప్‌గ్రేడ్ల ఖర్చూ చేతిలో ఉండాలి. అయినా తీసుకోవాల్సిన గ్రహాలు లేకపోలేదు. చుట్టూ మెటల్, క్రిస్టల్ ఇచ్చే ఆస్టరాయిడ్లు ఉన్నవి, శత్రువు రావాల్సిన ఏకైక దారిలో ఉన్నవి నష్టానికైనా తీసుకోదగ్గవే. రాజధానికి దూరమయ్యేకొద్దీ ప్రజల విధేయత తగ్గి, పన్నూ తగ్గుతుందని మాత్రం మరవొద్దు.

ట్రేడ్ పోర్టుల్నీ ఎక్కడపడితే అక్కడ కట్టకండి. పక్కపక్క గ్రహాల్లో వరసగా కడితే, ఆ గొలుసు పొడవును బట్టి అదనపు ఆదాయం వస్తుంది. నడుమ గ్రహం పోతే గొలుసు తెగుతుంది. శత్రువు గొలుసుకూ ఇదే వర్తిస్తుంది, దాడి ఎక్కడ చేయాలో అక్కడే తెలుస్తుంది.

అపోహ: పైరేట్ల దాడి మన తలరాత.

వాస్తవం: పైరేట్ల దాడికి ఉన్న గడువు ముగిసేసరికి ఎవరి తల మీద ఎక్కువ బౌంటీ ఉంటే వాళ్ల మీదికే వస్తారు. ఆ బౌంటీ పెట్టేది తోటి ఆటగాళ్లే. చివరి నిమిషంలో బౌంటీల పట్టిక చూడనివాడే దెబ్బతింటాడు.

అపోహ: క్యాపిటల్ షిప్ చివరిదాకా నిలబడి పోరాడాలి.

వాస్తవం: ఇది వింటే నాకు బాధేస్తుంది. క్యాపిటల్ షిప్ పోరాడేకొద్దీ అనుభవం గడించి పదో లెవల్ దాకా ఎదుగుతుంది, అతి శక్తిమంతమైన ఆయుధం ఆరో లెవల్లో తెరుచుకుంటుంది. అలాంటి షిప్ పోతే క్రెడిట్లతో ఇంకోటి కట్టొచ్చు, గడించిన అనుభవం మాత్రం తిరిగి రాదు. పారిపోవాలన్నా వెంటనే కుదరదు: గ్రహపు గురుత్వాకర్షణ వలయం అంచుదాకా వెళ్లి, దిశ తిప్పుకుని, అప్పుడు దూకాలి. ఆ దారంతా దెబ్బలు తింటూనే వెళ్లాలి. అందుకని షిప్ సగం బలంతో ఉండగానే వెనక్కి పిలవండి. పక్కనే రెండు మూడు హోషికో అనే మరమ్మతు క్రూజర్లు ఉంచండి. శత్రువును అవి పెద్దగా కొట్టలేవు, మన షిప్పుల్ని మాత్రం బాగుచేస్తూనే ఉంటాయి.