చప్పట్లు ఎప్పుడు తగ్గాయి?

బొమ్మకు ముందు ఫిల్మ్స్ డివిజన్ వారి న్యూస్‌రీల్ తప్పనిసరిగా వేసే రోజులు మీకు తెలియవు. 1971 డిసెంబర్ యుద్ధం తర్వాత మా నారాయణఖేడ్‌లో తెరమీద ఇందిరాగాంధీ కనబడితే చాలు, హాలంతా చప్పట్లే! రామారావుగారి ప్రవేశానికి కూడా అన్ని ఈలలు పడేవి కావు. 93 వేలమంది పాక్ ఖైదీలు మన చేతికి చిక్కాక ఆమెను వేలెత్తి చూపేదెవరు?

యుద్ధమంటే జనం ఎప్పుడూ ఇలాగే నోరు కట్టుకుంటారనుకోకండి. 1962లో చైనా యుద్ధం నడుస్తుండగానే, రక్షణమంత్రి కృష్ణమేనన్‌ను ఆ పదవి నుంచి దింపేదాకా సొంత పార్టీవాళ్లే ఊరుకోలేదు. నెహ్రూ అంతటివారు మరుసటేడు అవిశ్వాస తీర్మానం ఎదుర్కొన్నారు. అప్పుడు ఓడాం, ఇప్పుడు గెలిచాం. తేడా అదే!

ఆ మత్తు మాత్రం ఎన్నాళ్లు? 1973లో ధరలు మండాయి. అదే న్యూస్‌రీల్ పడగానే జనం బీడీలు ముట్టించుకోడానికి బయటికి నడిచారు. "యుద్ధం గెల్సినామె గ్యాసునూనె ఇప్పియ్యలేదా?" అని ఓ ముసలాయన గట్టిగానే అన్నాడు.

తమాషా ఏమిటంటే, 1971లో యుద్ధంకోసం పెట్టిన ఎమర్జెన్సీని 1977 మార్చిదాకా ఎత్తనేలేదు! దానిమీద 1975లో ఇంకొకటి. అప్పుడు ముసలాయన గొంతూ తగ్గింది. నాయిక ఇందిరను తలపిస్తోందని 'ఆంధీ' బొమ్మనే ఆపేశారు మరి!

1980లో ఆవిడ మా మెదక్ నుంచే గెలిచారు. ముసలాయన ఓటేసి వచ్చి, మళ్ళీ గ్యాసునూనె సంగతే ఎత్తాడు.