మధుమేహం: వారసత్వం ఎంత, అలవాటు ఎంత?

"నాన్నగారికి షుగర్ ఉంది, నాకూ తప్పదు" అనే మాట భిలాయిలోని రుఆబాంధా సెక్టారులో స్థిరపడిన తెలుగువారు అన్నా, మన ఊళ్ళో అన్నా ఒకటే. ఇందులో సగమే నిజం.

మన పదవ క్రోమోజోములో టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువు ఉంది. అందులో ఒకచోట 'సి' అక్షరానికి బదులు 'టి' ఉంటే, భోజనం తరువాత క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్‌ను తగినంత విడుదల చేయలేవు. ఐస్‌లాండ్ శాస్త్రజ్ఞులు 2006లో ఈ జన్యువుకు మధుమేహంతో ఉన్న సంబంధాన్ని వెల్లడించారు. హైదరాబాదులోని సీసీఎంబీకి చెందిన గిరిరాజ్ చందక్ బృందం పుణె ప్రజలలోనూ దానిని నిర్ధారించింది. తల్లి నుండో తండ్రి నుండో ఒక 'టి' వస్తే ముప్పు సుమారు 1.4 రెట్లు, ఇద్దరి నుండీ వస్తే దాదాపు రెట్టింపు. ముప్పు అంటే జబ్బు కాదు సుమా! 'టి' ఉండీ జబ్బు రానివారున్నారు, లేకుండానే వచ్చినవారూ ఉన్నారు.

అమెరికాలో మధుమేహం అంచున ఉన్నవారిపై జరిపిన పరిశోధనలో బరువు తగ్గి, వారానికి 150 నిమిషాలు వ్యాయామం చేసిన వర్గంలో రెండు 'టి'లు తెచ్చే అదనపు ముప్పు దాదాపు కనిపించలేదు. చెన్నైలో 2006లో వెలువడిన అధ్యయనంలోనూ ఆహార, వ్యాయామ మార్పులతో ముప్పు 28.5 శాతం తగ్గింది.

అయితే కర్మాగారంలో షిఫ్టులు మారే ఉద్యోగికి రోజూ నడవమని చెప్పడం తేలికే, నడవడమే కష్టం. రాత్రి డ్యూటీ దిగి, కడుపునిండా అన్నం తిని పడుకోకుండా, అన్నం తగ్గించి పప్పు, కూరలు పెంచుకోవాలి. నిద్ర లేచాక నడవవచ్చు. జన్యుపరీక్ష అక్కర లేదు. పరగడుపు రక్తపరీక్ష చాలు. చక్కెర 100 నుండి 125 మిల్లీగ్రాముల మధ్య ఉంటే వైద్యుని కలవాలి.